నలభై బిళ్లలు

మేస్త్రీ బజారి ఇత్తడి బిళ్లలను గాల్లోకి విసిరాడు. బిళ్లలు నలభై. ఆడవాళ్లు నూరుకు పైన. బిళ్ల దొరికినవాళ్లకే ఆదోని పత్తి మిల్లులో ఆ రోజు పని. తోపులాటలో ముసలి సారమ్మ చేయి ఎవరి కాలి కిందో పడి నలిగింది. హనుమక్క చూసింది. ఆ కాలు తనదే కావచ్చు. బిళ్ల మాత్రం తన పిడికిట్లో ఉంది.

అది 1953. వరసగా రెండో ఏడు కరువు. పత్తిని బేళ్లు కట్టే కొత్త ప్రెస్సు పెట్టాం, బేళ్లు బొంబాయికి పోతాయి, ఇక పల్లెల్లో ఎవరూ పస్తుండరని మిల్లు షావుకారు దండోరా వేయించాడు. అది నమ్మి హనుమక్క బిడ్డతో గోనెగండ్ల నుంచి వచ్చింది. వ్యాపారం పెరిగింది. బిళ్లలు పెరగలేదు.

సాయంత్రం గుడిసెల మధ్య అందరూ కూడారు.

"రేపు బిళ్లల కోసం ఒక్కరూ వంగొద్దు," అంది రంగమ్మ, అందరికన్నా పాత కూలి. "వంతు పెట్టి పిలిస్తేనే లోపలికి పోదాం."

"నీకేమక్కా, మొగుడున్నాడు. నా బిడ్డకు గంజి ఎవరు పోస్తారు?" అంది హనుమక్క.

"యా మొగుడు? తాగి పండుకుండేటోడా? వాన్ని నువ్వే ఉంచుకో. గంజి నేను పోస్తా."

అందరూ నవ్వారు. గుడ్డ చుట్టిన చేతిని ఒళ్లో పెట్టుకున్న సారమ్మ నవ్వలేదు. హనుమక్క తల దించుకుంది. "సరే. వంగను."

మర్నాడు బిళ్లలు మట్టిలో పడ్డాయి. ఒక్కరూ వంగలేదు. బజారికి రాత్రే సంగతి తెలిసినట్టుంది, చెయ్యి ఊపాడు. తుగ్గలి నుంచి తెచ్చిన లారీ వచ్చి ఆగింది. అందులోంచి ఎండిన మొహాలతో నలభై మంది ఆడవాళ్లు దిగారు. వాళ్లు వంగేలోపే రంగమ్మ ఒక బిళ్ల మీద కాలు పెట్టింది. హనుమక్క ఇంకోదాని మీద పెట్టింది. చూస్తుండగానే ప్రతి బిళ్ల మీదా ఒక కాలు.

"తియ్యి కాలు," అన్నాడు బజారి.

"వంతు పెట్టన్నా, తీస్తాము," అంది రంగమ్మ.

పోలీసులు వచ్చారు. లాఠీ రంగమ్మ మోకాలి మీద పడింది. ఆమెను ఈడ్చుకుపోయి జీపులో వేశారు. హనుమక్క కాలు కదల్చలేదు. బిళ్ల లేనిదే పని లేదు కదా, బిళ్లలను కాపాడుకుంటే పని ఎక్కడికీ పోదని అందరూ నమ్మారు.

అంతలో లోపల యంత్రాలు మోగాయి.

బజారి బీడీ ముట్టించాడు. "నిలబడుకోండమ్మా, పొద్దుగూకే దాకా. ఆ బిళ్లలు మీరే ఉంచుకోండి. తుగ్గలోళ్లను ఎనక గేటు నుంచి తోలినాము."

ఇంట్లో గింజ లేదు, రంగమ్మ లేదు, పని లేదు. ఒకామె అక్కడే కూలబడింది. హనుమక్క బిళ్ల మీంచి కాలు తీసింది.

"యాడికే?" అంది సారమ్మ.

"ఎనక గేటుకు. లోపలోళ్లతో మాట్లాడాల. రేపు వాళ్ల మీదికి ఇంకో లారీ దించుతారు గదా."

మిగిలినవాళ్లూ కాళ్లు తీసి ఆమె వెనక మిల్లు గోడ పొడవునా నడిచారు. మలుపు తిరిగేసరికి గేటు మూసి ఉంది. ముందర పోలీసులు వరస కట్టి ఉన్నారు. తాము అరిస్తే లోపలికి వినబడదని హనుమక్కకు తెలుసు. యంత్రాల మోత అంతగా ఉంది. అయినా నోరు తెరిచి తుగ్గలి వాళ్లను పిలిచింది.

లాఠీలు లేచాయి. ఆడవాళ్లు నడుస్తూనే ఉన్నారు.