పన్నెండు గంటల తలుపు

మా అక్క సౌము, ఆ పుస్తకాల మాట ఎత్తి ముప్పై ఏళ్ళవుతోంది. అచ్చుప్రతులు సంచిలో పెట్టుకుని మా ఊరు టాంగాకు బస్సెక్కాను గానీ, ఆమెకు చెప్పాలా వద్దా అన్నది దారి పొడవునా తేలలేదు.

అమ్మ పోయిన ఏడే మా బడికి స్వాహిలీలోకి తెచ్చిన పిల్లల పుస్తకాలు వచ్చాయి. ఐదు భాగాలు. ఏదో చలిదేశపు అన్నాచెల్లెళ్ళు, మాయమైన తల్లిని వెతుక్కుంటూ పోయే కథ. అక్కకు చదవడం రాదు; నేను పైకి చదివేదాన్ని, ఆమె వినేది. మూడో భాగంలో రాతిగోడకు ఒక తలుపు. సరిగ్గా పన్నెండు గంటలకు తడితే తెరుచుకుంటుంది.

రేవు దగ్గర పాడుబడ్డ ఇంటికి అలాంటి తలుపే ఉండేది. పొద్దుగుంకే మగ్రిబ్ నమాజు వేళ పిల్లలు బయట తిరిగితే జిన్నులు పట్టుకుంటాయని పిన్ని కేకలేస్తున్నా, అమ్మ పోయిన నలభయ్యో రోజు దాకా ఇద్దరం రోజూ ఆ వేళకే వెళ్ళి తట్టాం. ఆఖరి రోజున అక్క నావైపు తిరిగి, "అబద్ధాలు చదివావు నాకు" అంది. మళ్ళీ వినలేదు.

ఇప్పుడు ఆ పుస్తకాలు తిరిగి అచ్చవుతున్నాయి. దిద్దే పని నాకు వచ్చింది. మూలం పక్కన పెట్టి చూస్తే, అక్కడ పన్నెండంటే నడిరాత్రి. స్వాహిలీలో మేం గంటలు తెల్లవారినప్పటి నుంచి లెక్కపెడతాం. పొద్దుగుంకితే పన్నెండు, అక్కణ్ణుంచి మళ్ళీ మొదలుపెడితే నడిరాత్రికి ఆరు. అనువాదకుడు అంకెను ఉన్నదున్నట్టు ఉంచేశాడు.

అది చూసి నాకు కలిగింది సంతోషం. తలుపు అబద్ధం కాదు, మేమే వేళకి వెళ్ళలేదు. ఇది ఎంత అర్థంలేని సంతోషమో తెలుసు. తెలిసినంత మాత్రాన అది నన్ను వదల్లేదు.

అక్క వసారాలో మహమ్రి బూరెలు వేయిస్తోంది.

"చిక్కిపోయావేమే కిబిబీ. ఆ దార్ పట్నంలో అన్నం మానేసి కాగితాలు నములుతున్నావా?"

చెప్పేశాను. నూనెలో మహమ్రి నల్లబడుతున్నా ఆమె చేయి కదల్లేదు.

"అంటే మనం రోజూ వేళ కాకముందే తిరిగొచ్చేశాం."

"అవునక్కా."

"మనం ఇటు వచ్చేశాక అమ్మ..." అని ఆగింది.

"అది కథ అక్కా."

"నాకు చెబుతున్నావా? నలుగురు పిల్లల తల్లిని." మాడినదాన్ని తీసి కోళ్ళకు విసిరింది. "అయితే నువ్వు అబద్ధం చదవలేదన్నమాట."

"ఉన్నదే చదివాను."

జల్లిగంటె పక్కన పెట్టి అడిగింది. "తలుపు తెరిచాక ఏమైంది?"

ఆ రోజుల్లో మిగతాదంతా నేనొక్కదాన్నే చదివేసుకున్నాను. ఏమైందో నాకు తెలుసు. మార్చి చెప్పొచ్చు, ఆమెకు తెలిసే దారి లేదు. అచ్చుప్రతి తీసి, ఆ పేజీ దగ్గర తటపటాయించాను.

"ఉన్నదే చదువు" అంది, పొయ్యి ఆర్పి పక్కన కూర్చుంటూ.

చదివాను. "తల్లి తలెత్తి చూసింది. వాళ్ళెవరో ఆమెకు తెలియలేదు."

అక్క కొంగుతో చేతులు తుడుచుకుంది. తుడిచిన చేతులే మళ్ళీ తుడుచుకుంది.

"ఇంకా రెండు భాగాలున్నాయిగా," అంది. "ఆపకు."