జడ్జి కోసం ప్రార్థన మనవి

ఆస్ట్రేలియాలోని టూవూంబా తెలుగు సహవాసంలో ప్రార్థన మనవులు చెప్పుకునే వేళ, పోయిన ఆదివారం జకరయ్య లేచి నిలబడ్డాడు. "మా ఫేబీకి ఈ ఏడుతో లా చదువు అయిపోద్ది. ఎంటనే జడ్జి పరీక్ష రాసిద్ది. ఫెడరల్ కోర్టులో కూర్చోవాలని ప్రార్థించండి," అన్నాడు.

అందరూ ఆమేన్ అన్నారు. ఫేబీ తలెత్తలేకపోయింది.

ఒంగోల్లో ఆయనెరిగిన కుర్రాడొకడు పరీక్ష రాసి చిన్న వయసులోనే జడ్జయ్యాడు. ఇక్కడా అంతేననుకున్నాడు జకరయ్య. ఇంట్లో పదో తరగతి దాటింది ఫేబీ ఒక్కతే. అంతమందిలో ఆమేన్ అనిపించుకున్న నాన్నకి కాదని ఎలా చెప్పడం? వారమంతా నోరు పెగల్లేదు. ఈ ఆదివారం చర్చి ముందు కారు ఆగాక ఇక ఆగలేకపోయింది.

"నాన్నా, ఇక్కడ జడ్జికి ఎగ్జామ్ లేదు. మినిమమ్ ఐదేళ్లు లాయర్‌గా ఉండాలి. అప్పుడైనా మనం అప్లై చేస్తే ఇచ్చేది కాదు, గవర్నమెంటే సెలెక్ట్ చేస్తుంది. చాలామందికి ఇరవై ఏళ్ల ప్రాక్టీసు తర్వాత గానీ రాదు. అసలు రాకపోవచ్చు."

జకరయ్య స్టీరింగు మీది చేతులు తీయలేదు. "వొస్తే ఎన్నాళ్లుంచుతారు?"

"డెబ్బై ఏళ్లొచ్చేదాకా."

"మధ్యలో తీసెయ్యరూ?"

"తప్పు చేసినట్టో, పని చెయ్యలేనట్టో ప్రూవ్ అయి, పార్లమెంటు రెండు సభలూ అడిగితేనే. ఊరికే తియ్యలేరు."

"అదేనమ్మా నాక్కావలసింది," అన్నాడాయన. వృద్ధుల హోములో ఆయనది పిలిస్తేనే పని. ఫోను మోగని వారం షిఫ్టు లేనట్టే. "పెద్ద కుర్చీ అని కాదు. రేపట్నించి రావొద్దని నిన్ను ఎవరూ అనగూడదు."

"నాకు పేదోళ్ల కేసులు చూసే ఆఫీసులో చెయ్యాలనుంది నాన్నా. అది ఏడాది కాంట్రాక్టే."

ఆయన కారు దిగి లోపలికి నడిచాడు.

మనవుల వేళ మళ్లీ లేచాడు. "పోయిన వారం నేను తప్పు చెప్పా. ఇక్కడ జడ్జి పరీక్ష లేదంట."

"అయితే మా ప్రార్థన ఎనక్కి తీసుకోమంటావా అన్నయ్యా?" అంది వెనక వరసలోంచి సుగుణకుమారి. అందరూ నవ్వారు.

"ఉండనీ చెల్లెమ్మా, ఎప్పటికైనా పనికొస్తది." జకరయ్య కూతురి వైపు చూశాడు. "ఈ వారానికి మాత్రం, మా పాప కోరుకున్న ఉద్యోగం దొరకాలని ప్రార్థించండి. ఏడాదిదైనా సరే."

అందరికన్నా ముందు ఫేబీయే ఆమేన్ అంది.