ఎల్లొత్తాను అన్న మాట

ఇందులో ఏది ముందు జరిగిందో, ఏది వెనక జరిగిందో నేను అటూ ఇటూ చేస్తానేమో. కాస్త ఓర్చుకోండి. ఈమధ్య పొయ్యి మీద పాలు పెట్టిన సంగతే నాకు గుర్తుండటం లేదు. అందుకే ఇది కూడా జారిపోకముందు రాసి పెడుతున్నాను.

యారాడలో మా చెల్లెలు గురువమ్మ ఉంది. ఆమె కోడలు దుర్గ. కొడుకు దొరబాబు బోటు మీద వేటకి వెళ్తే వారాల తరబడి ఒడ్డు మొహం చూడడు. మనవరాలు పుష్ప అప్పటికింకా బడిలో పడలేదు. ఇల్లన్నాక ఇంకా చుట్టాలూ పక్కాలూ ఉన్నారు గాని ఈ కథకి వీళ్ళు చాలు.

దుర్గ రొయ్యల కంపెనీలో పనిచేసేది. చీకటితో లేచి అన్నం వండి, పులుసు వేడిచేసి, నిద్రలో తూలుతున్న పుష్పకి జడ వేసేది. కంపెనీలో గాజులూ బొట్టూ పనికిరావు. అందుకని గడప దగ్గర నిలబడి గాజులు తీసి గోడకున్న మేకుకి తగిలించేది. చెప్పుల్లో కాళ్ళు పెట్టి, "అత్తా, ఎల్లొత్తాను" అనేది.

"ఎల్లిరా" అనేది గురువమ్మ లోపలి నుంచి.

మనలో ఎవరమూ ఉత్తినే "వెళ్తాను" అనం కదా. ఆ మాట అనకూడదని పెద్దవాళ్ళు చెప్పారు, వాళ్ళు చెప్పారని మనం 'వెళ్ళొస్తాను' అంటున్నాం. మన నోటికి అదొక అలవాటు. దుర్గ మాత్రం ఆ మాట మనసులోంచి తీసి అనేది. అందువల్ల అది రెండయ్యేది. 'ఎల్లి' అన్న సగం తలుపు దాటి బస్సుకి నడిచిపోయేది. 'వత్తాను' అన్న సగం మేకు మీది గాజులు తొడుక్కుని గడప మీద కూచునేది.

దీన్ని గురించి ఊళ్ళో ఎవరూ పెద్దగా అనుకోలేదు. "మీ కోడలుందేటి?" అని ఎవరైనా వస్తే, "వచ్చేదుంది, ఎల్లేది ఎలిపోనాది. ఏ పని మీదొచ్చినావో సెప్పు" అనేది గురువమ్మ.

గడప మీది దుర్గ బరువు పనులు చెయ్యలేకపోయేది. బిందె ఎత్తబోతే చేతులు జారేవి. కాని పుష్పకి పేలు చూసేది, ముద్ద ముద్దకీ ఒక కబురు చెప్పి అన్నం తినిపించేది, ఒళ్ళో పడుకోబెట్టుకుని వీపు నిమిరేది. బస్సులో దుర్గకి ఒళ్ళు తేలిగ్గా ఉండేది. మొదట్లో కండక్టరు, "సగం మనిషివి కదా, అర టికెట్టు కొట్టమంటావేటి?" అని ఆటపట్టించేవాడు. ఆడవాళ్ళకి బస్సు ఉచితం అయ్యాక ఆ వేళాకోళం పోయింది.

దొరబాబు ఒడ్డుకి దగ్గరగా వచ్చినప్పుడు ఫోను చేసేవాడు.

"ఏటే, ఇప్పుడు నాతో మాటాడతన్నది ఎవులు?"

"పోను బేగులో ఉంటాది కదేటి. ఎల్లినదాన్నే."

"అయితే ఇంటికాడున్నదానికి సెప్పు, నాను అడిగినానని."

"నువ్వే వచ్చి సెప్పుకో. మద్దిన నాకేటి బేరం?"

సాయంత్రం దుర్గ వీధి మలుపు తిరగగానే గడప మీది దుర్గ లేచి ఎదురెళ్ళేది. నాలుగడుగుల్లో ఇద్దరూ ఒక్కటయ్యేవారు. గాజులు గలగలమనేవి. ఆ చప్పుడు వింటే పుష్ప ఆట వదిలి పరిగెత్తేది.

కంపెనీలో ఆమెని దుర్గ అని ఎవరూ అనేవారు కాదు. మెళ్ళో కార్డు మీద సాయిదుర్గ అని ఉండేది. ఇంట్లో ఆ పేరుతో పిలిచినవాళ్ళు లేరు. సాయిదుర్గ చెయ్యి మంచిది. ఒక్క రొయ్యని అరచేతిలో వేసుకుంటే చాలు, కిలోకి ఎన్ని తూగే రకమో చెప్పేది. ఐసు నీళ్ళల్లో చేతులు కొయ్యబారినా అంచనా తప్పేది కాదు. ఆ పనంటే ఆమెకి ఇష్టం. ఈ సంగతి రాయకపోతే కథ అబద్ధమవుతుంది.

సూపర్‌వైజరు గౌరీశ్వరి సబ్బవరం దగ్గర రైతుల ఇంటి అమ్మాయి. గట్టి మనిషి, చెడ్డది కాదు. సరుకు ఎక్కువై కంటైనర్లు పోర్టుకి వరసగా వెళ్ళాల్సిన రోజుల్లో ఆమె దుర్గని పక్కకి పిలిచింది.

"నన్ను పై సెక్షనుకి వేస్తన్నారు. నా కుర్చీలోకి నీ పేరు చెప్పాలనుకుంటన్నాను. కాని ఓటీకి ఆగమంటే నువ్వు గడియారం చూడకూడదు, సాయిదుర్గా."

"సూడను మేడమ్" అంది దుర్గ. ఇంటిల్లిపాదికీ నీడ ఇచ్చే మాట అది అనుకుంది.

అప్పటినుంచి వెళ్ళే దుర్గ చిక్కబడటం మొదలైంది. నడకలో బరువొచ్చింది, గొంతు గట్టిపడింది. ఆమె చిక్కబడ్డకొద్దీ ఇంట్లో దుర్గ పలచబడింది. పేలు చూస్తుంటే వేళ్ళు పుష్ప జుట్టులోంచి గాలిలా పోయేవి. మొదలుపెట్టిన కథ మధ్యలో ఆగిపోయేది. గాజులు ముంజేతి నుంచి జారి గచ్చు మీద పడేవి.

ఒకరోజు పుష్ప తల్లి ఒళ్ళో తలపెట్టి పడుకుని కాసేపటికి లేచి కూచుంది.

"అమ్మా, నీ ఒళ్ళో గచ్చు తగల్తంది."

వెళ్ళిన దుర్గ సాయంత్రం ఇంటికొచ్చాక ఆ మాట గురువమ్మ చెప్పింది. "ఇన్నావా? గుంట నీ ఒళ్ళో తలెడితే నేల తగల్తందంట. ఉన్న సగం కూడా కంపినీకే పెట్టేత్తన్నావు."

"నానేటి సెయ్యను అత్తా? ఈ నెల గడిస్తే సూపర్‌వైజరునౌతాను. అప్పుడు నా టైము నా సేతిలో ఉంటాది."

"సేతిలో ఏటుంటాదో సూత్తన్నాను కదే. గాజులే ఉండట్లేదు."

దుర్గ ఆ రాత్రి పుష్పని హత్తుకుని పడుకుంది. కాని మనసులో రేపటి సరుకు లెక్కలే తిరిగాయి. మనిషి ఇంట్లోనే ఉన్నా సగం రాలేదన్నమాట.

ఇక ఆ రోజు సంగతి. తెల్లారేసరికి పుష్ప ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. దుర్గ గౌరీశ్వరికి ఫోను చేసింది.

"మేడమ్, పాపకి జొరం. ఇయ్యాళొక్కరోజు..."

"నీ ఇష్టం. నీ పేరు ఇవాళే పైకి పంపాలి. లైనులో నువ్వు లేకుండా నీ పేరు ఎలా పంపను?"

ఫోను పెట్టేసరికి గురువమ్మ తడిగుడ్డ పట్టుకుని నిలబడి ఉంది.

"ఎల్తావేటి?"

"మాత్ర ఏసినాను అత్తా. నువ్వున్నావు కదా. గడప మీద నానూ ఉంటాను కదా."

"ఆ నీడతో ఏటి సెయ్యమంటావు? ఆ గుంటకి నీడ సాలదే. నీ మొగుడు నీళ్ళల్లో, నువ్వు ఐసులో. ఈ కొంపకి నాను కాపలా కుక్కని."

"నాను సరదాకి ఎల్తన్నానా? ఏటి మాటలయ్యి?"

"ఎల్లు. ఎల్లెల్లు. ఆపితే ఆగుతావేటి?"

దుర్గకి కళ్ళు మండాయి. చెప్పుల్లో కాళ్ళు దూర్చింది. "ఎల్తన్నాను!" అంది.

అంతే అంది. రెండో సగం అనలేదు. గురువమ్మ కూడా మొహం తిప్పుకుంది గాని "ఎల్లిరా" అనలేదు.

గడప ఖాళీగా ఉండిపోయింది.

బస్సులో దుర్గకి ఒళ్ళు బరువుగా అనిపించింది. ఎంతోకాలం తర్వాత మొత్తం మనిషి ఆ సీట్లో కూచుంది. గాజులు చేతికే ఉన్నాయన్న సంగతి కంపెనీ గేటు దగ్గర సెక్యూరిటీ చెప్పేదాకా తెలియలేదు. తీసి టిఫిను సంచిలో వేసుకుంది. ఆ రోజు ఆమె చేతులు ఇద్దరి పని చేశాయి. గౌరీశ్వరి వెనక నిలబడి చూసింది.

"ఇవాళ నువ్వు మొత్తం వచ్చావు" అంది మెచ్చుకోలుగా. తర్వాత గొంతు తగ్గించి, "నేను కూడా మాయింట్లో ఎల్లొస్తాననడం మానేసి చాలాకాలమైంది. మొదట్లో కష్టంగా ఉంటుంది. తర్వాత ఏమీ ఉండదు" అంది. ఆ మాట అంటున్నప్పుడు గౌరీశ్వరి ఎటు చూస్తోందో దుర్గకి అర్థం కాలేదు. అక్కడ గోడ తప్ప ఏమీ లేదు.

సాయంత్రం కంపెనీ బస్సు సింధియా జంక్షన్‌లో దింపింది. అక్కడినుంచి కొండ మీదుగా యారాడకి బస్సు మారాలి. దుర్గ నిలబడింది. బస్సు వచ్చింది. బోర్డు చదివింది. అక్షరాలు తెలుస్తున్నాయి. ఆ ఊరు ఎవరిదో తెలియలేదు. బస్సు వెళ్ళిపోయింది.

ఉడకబెట్టిన వేరుశనక్కాయలు అమ్మే తవిటమ్మ బండి దగ్గర నుంచి కేకేసింది. "ఓలె దుర్గా, బస్సు ఎలిపోనాది కదే! ఎక్కవేటి?"

"ఎక్కడికి?" అంది దుర్గ.

తవిటమ్మ చేతిలో పొట్లం అలాగే ఆగిపోయింది. వెళ్ళేవాళ్ళని ఎక్కడికని ఎవరూ అడగరు. తనెక్కడికి పోవాలో తానే అడిగే మనిషిని ఆమె అంతవరకూ చూడలేదు. "మీ ఇంటికే, మాయమ్మా" అంది మెల్లిగా. దుర్గ తలూపింది. ఇల్లు అన్న మాట మంచిదే అన్నట్టు ఊపింది. పొద్దున బయల్దేరేటప్పుడు వస్తానని చెప్పలేదు కదా. వచ్చే దారి ఆమె దగ్గర లేదు.

ఈలోగా రాత్రి డ్యూటీ వాళ్ళని ఎక్కించుకోడానికి కంపెనీ బస్సు వచ్చి ఆగింది. ఆ దారి ఆమె కాళ్ళకి తెలుసు. కాళ్ళు అటు నడిచాయి.

సరిగ్గా ఆ వేళకే అనుకుంటాను, యారాడలో పుష్ప జ్వరంతో లేచి తూలుకుంటూ గడప దగ్గరికి వచ్చింది. పొద్దుట్నించీ అక్కడ ఎవరూ లేరు.

"నానమ్మా, అమ్మ ఎల్లినప్పుడు ఎల్లిరా అన్నావా?"

గురువమ్మ తడిగుడ్డ మళ్ళీ పిండింది.

"అనలేదేటి?"

"లేదే."

పుష్ప ద్వారబంధం పట్టుకుంది. కొండ మీది రోడ్డు వైపు తిరిగి, "అమ్మా, ఎల్లిరా!" అంది. జ్వరంలో గొంతు పిట్ట గొంతులా ఉంది. గురువమ్మ వచ్చి దాని వెనక నిలబడింది. ఆమె మహా మొండిది, నా చెల్లెలు కదా, నాకు తెలుసు. అయినా అంది. "ఎల్లిరాయే, దుర్గా."

పొద్దున అనాల్సిన మాట పొద్దుగూకాక బయల్దేరింది. కొండెక్కి దిగింది.

జంక్షన్‌లో దుర్గ ఒక కాలు బస్సు మెట్టు మీద పెట్టింది. సంచిలో గాజులు గలగలమన్నాయి. తవిటమ్మ ఇదంతా కళ్ళారా చూసింది. ఒక దుర్గ మెట్లెక్కి కిటికీ పక్కన కూచుంది. ఒక దుర్గ చేతుల నిండా గాజులతో రోడ్డు మీద నిలబడింది. తలుపు పడింది, బస్సు కదిలింది. "యారాడ బస్సు ఇంకోటుంది, నిల్సో" అంది తవిటమ్మ, నిలబడ్డదానికి ఓ పొట్లం చేతిలో పెట్టి.

దుర్గ ఇల్లు చేరి పుష్పని ఒళ్ళోకి తీసుకుంది. పుష్ప తల అటూ ఇటూ కదిపి చూసింది. "గచ్చు తగల్లేదు" అంది. తెల్లారేసరికి జ్వరం దిగింది.

బస్సెక్కిన దుర్గ మర్నాడు వస్తుందని చూశారు. ఆ మర్నాడూ చూశారు. రాలేదు. వస్తానని ఆమె ఎవరికీ చెప్పలేదాయె. సాయిదుర్గ కంపెనీ వెనక ఆడవాళ్ళ గదుల్లోనే ఉంటోంది. గౌరీశ్వరి కుర్చీ ఆమెకే వచ్చింది. జీతం ఇంటికి వస్తూనే ఉంది.

దొరబాబు వేట నుంచి వచ్చి సరదాగా, "రెండోదేదే?" అన్నాడు. దుర్గ నవ్వలేదు. అతను మళ్ళీ అడగలేదు.

ఇంట్లో దుర్గ ఇప్పుడు బిందె ఎత్తుతుంది. కథలు చివరిదాకా చెబుతుంది. గురువమ్మ ఆమెని ఒక్క మాటనదు. ఒక్కటే, ఐసు చల్లదనం ఆమె చేతులకి గుర్తులేదు. రొయ్యని అరచేతిలో వేస్తే ఏ రకమో చెప్పలేకపోతుంది. ఒక్కోసారి గడప మీద కూచుని అరచెయ్యి చాపి, అందులో ఏదో ఉన్నట్టు మెల్లిగా పైకీ కిందకీ ఆడిస్తుంది. ఏమీ తూగదు.

పుష్పని బడికి పంపడానికి సింధియా జంక్షన్‌కి తీసుకెళ్తే అప్పుడప్పుడు కంపెనీ బస్సు ఎదురవుతుంది. కిటికీలో సాయిదుర్గ, తలకి వల టోపీ, మొహానికి మాస్కు. గాజుల్లేని చెయ్యి కొంచెం పైకి లేస్తుంది. మళ్ళీ దిగిపోతుంది.

"అమ్మా, ఆవిడకి నాను ఎల్లిరా అని సెప్పనా?" అంటుంది పుష్ప.

దుర్గ దాని చెయ్యి గట్టిగా పట్టుకుంటుంది. "రేపు సెబుదువులే" అంటుంది. సాయిదుర్గ వచ్చేస్తే పనికి వెళ్ళేది ఎవరు? రాకపోతే ఈ అరచెయ్యి ఎప్పటికి నిండుతుంది? రేపు వస్తుంది, బస్సు వస్తుంది, దుర్గ మళ్ళీ రేపంటుంది.

ఇక్కడికి ఆపుతాను. పుష్పా, నీకిప్పుడు అక్షరాలు బాగా వచ్చాయి కదమ్మా, పేర్లు ఒకసారి సరిచూడు. ఇంట్లోదాన్ని దుర్గ అనీ, బస్సులోదాన్ని సాయిదుర్గ అనీ రాయాలనుకున్నాను. ఎక్కడైనా తారుమారు చేశానేమో, నాకు నమ్మకం లేదు. రేపు జంక్షన్‌లో నిలబడ్డప్పుడు ఈ కాయితాలు తీసి గట్టిగా చదువు, అప్పుడు తప్పులు తెలుస్తాయి. మధ్యలో 'ఎల్లిరా' అన్న మాట వస్తుంది. అక్కడ మాత్రం గొంతు తగ్గించకు.