పదో ముక్క

పారుల్‌ది కీడెంచి మేలెంచే స్వభావం. మేలు దాకా రాకముందే ఆవిడకి పొద్దు గూకిపోయేది. భర్త ట్రాము డ్యూటీ దిగి రావడం పది నిమిషాలు ఆలస్యమైతే చాలు, ఆస్పత్రి మెట్లు కళ్ల ముందు కదిలేవి. అలాంటి మనిషి ఇంట్లోకి పందొమ్మిదేళ్ల కూతురు ఝుమ్కీ పేకదస్తా తెచ్చింది.

దస్తాతో పాటు ఒక పుస్తకం కూడా. కాలేజీ స్ట్రీట్‌లో పాత పుస్తకాల బల్ల మీద దొరికిందట. అట్ట ఊడిపోయింది. చేతివాటం అక్కర్లేదు, చెప్పినట్టు పంచితే గారడీ తనంతట తానే జరిగిపోతుందని మొదటి పేజీలోనే ఉంది. తనంతట తానే జరిగేదేదైనా పారుల్‌కి భయమే. పాలు పొంగిపోయేదీ తనంతట తానే, జ్వరం వచ్చేదీ తనంతట తానే.

రోజూ మధ్యాహ్నం ఆవిడ పాత చీరలు మడతేసి బొంత కుడుతుంటే ఝుమ్కీ ఎదురుగా చతికిలపడేది.

"అమ్మా, పదికీ ఇరవైకీ లోపు ఒక అంకె చెప్పు."

"పద్నాలుగు. త్వరగా కానీ, అన్నం వార్చాలి."

ఝుమ్కీ పద్నాలుగు ముక్కలు ఒక్కొక్కటే కింద పేర్చేది. ఒకటీ నాలుగూ కలిపితే అయిదు కదా అని, పేర్చిన దొంతర పైనుంచి అయిదు లెక్కపెట్టి, అయిదోదాన్ని తిప్పేది. ఇస్పేటు రాణి. పదిహేడు అంటే పదిహేడు పేర్చి, ఒకటీ ఏడూ ఎనిమిది అని లెక్కపెట్టేది. మళ్లీ ఇస్పేటు రాణే. ఆ నల్ల రాణి మొహం చూస్తే పారుల్‌కి వెన్నులో చలి పుట్టేది.

నెల తిరిగేసరికి ఒకరోజు సూది ఆపకుండానే అంది: "ఏ అంకె చెప్పినా నువ్వు పదో ముక్క దగ్గరికే వస్తున్నావు కదే. దాన్ని ముందే అక్కడ పెట్టుకుంటున్నావు."

ఝుమ్కీ నోరు తెరిచింది. "నీకెవరు చెప్పారు?"

"కుట్లు లెక్కపెట్టేదాన్ని, ముక్కలు లెక్కపెట్టలేనా. సరే, ఇరవై."

"ఇరవై అనకూడదమ్మా. ఇరవై లోపు అన్నాను. ఇరవై అంటే లెక్క పందొమ్మిదో ముక్క మీదికి పోతుంది. పుస్తకంలో ఆ మాట కింద గీత గీసి మరీ రాశాడు చూడు."

"అలాంటి కంత ఉన్న ఆట నలుగురి ముందు ఆడకు."

వింటేగా. దుర్గాపూజ అయ్యాక పేట క్లబ్బు వాళ్లు పెట్టే విజయ సమ్మేళనంలో, పాటకీ నాటకానికీ నడుమ ఝుమ్కీ వేదికెక్కింది. గారడీ గుట్టు చెప్పకూడదు, చుట్టూ ఓ కథ అల్లాలి అని పుస్తకం చెప్పింది కనుక మైకు పట్టుకుని, "ముక్కలకి అన్నీ తెలుసు, ముక్కలు అబద్ధం చెప్పవు" అంది. జనం ఊపిరి బిగబట్టారు. వెనక వరసలో పారుల్ ఒక్కతే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుకి కాదు.

మర్నాడు క్లబ్బు సెక్రటరీ హరిసాధన్ టీకి వచ్చాడు. చేతులకి గంధం వాసన, మాటకి బెల్లం పూత. "ఆ పుస్తకం రెండు రోజులు ఇవ్వు తల్లీ, నేనూ కాస్త చూస్తాను." ఝుమ్కీ పొంగిపోయి ఇచ్చేసింది. రెండు రోజులు కాస్తా పది రోజులయ్యాయి.

కాళీపూజ రెండు రోజుల్లో ఉందనగా అమ్మవారి బంగారు ముక్కెర పోయిందన్నారు. క్లబ్బు గదిలో ఇనప పెట్టెలో ఉండేది. తాళం పగల్లేదు. తాళంచెవి హరిసాధన్ దగ్గరే ఉంటుంది, అయినా ఆ మాట ఎవరూ పైకి అనలేదు. ఆ వారమంతా గదిలోకి వచ్చీ పోయేవాళ్లు అయిదుగురు ఉన్నారు. నలుగురు పేటవాళ్లు. అయిదోవాడు గోకుల్, బాంకుడా నుంచి పూజకి డోలు వాయించడానికి వచ్చి ఆ గదిలోనే పడుకునేవాడు. ఊరికాని ఊరు, వెనకేసుకొచ్చే నాథుడు లేడు. కిందటి నెలలో పక్కపేటలో దొంగని పట్టామని ఒకడిని దీపస్తంభానికి కట్టేశారు. తెల్లారి రోడ్డు కడిగిన నీళ్లు పారుల్ వాళ్ల సందు దాకా వచ్చాయి. ఆవిడ ఇప్పటికీ ఆ స్తంభాన్ని తప్పించుకుని చుట్టుదారిన వెళ్తుంది.

హరిసాధన్ ఇద్దరు కుర్రాళ్లని వెంటేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. "వదినా, మీ అమ్మాయితో చిన్న పని పడింది."

"దానికి జ్వరం" అంది పారుల్.

అప్పుడే లోపల్నుంచి ఝుమ్కీ కూనిరాగం తీస్తూ జామకాయ కొరుక్కుంటూ వచ్చింది.

"భలే జ్వరం" అన్నాడు ఒక కుర్రాడు.

ముక్కలతో దొంగ పేరు చెప్పించాలన్న సంగతి విన్నాక ఝుమ్కీ మొహం పాలిపోయింది. "నాకు అలాంటి శక్తులేం లేవు కాకా. అదంతా లెక్క. పుస్తకంలో ఉంది, మీరూ చదివారుగా."

"నాకు అందులో ఒక్క ముక్కా బోధపడలేదు తల్లీ. మైకులో మాత్రం ముక్కలకి అన్నీ తెలుసన్నావు. చూశార్రా వినయం?" హరిసాధన్ గొంతు తగ్గించాడు. "సరే, వద్దులే. కుర్రాళ్లు కాక మీదున్నారు. ముక్కలు చెప్పకపోతే కర్రలు చెప్పిస్తాయి."

వాళ్లు వెళ్లాక ఝుమ్కీ వంటింట్లో తల్లి చెయ్యి పట్టుకుంది. "అయిదు ముక్కల మీద పేర్లు, ఇరవై ఖాళీవి. పదో చోట నేనే ఖాళీది పెడతాను. దొంగ ఈ అయిదుగురిలో లేడని తేలిపోతుంది. అంతే."

అంతే అన్నది ఏదీ అంతటితో ఆగినట్టు పారుల్‌కి జ్ఞాపకం లేదు.

మర్నాడు మధ్యాహ్నం క్లబ్బు గది కిక్కిరిసింది. పందిరికి మిగిలిన వెదురుకర్రలు మూలన ఉండాల్సినవి, కుర్రాళ్ల చేతుల్లో ఉన్నాయి. అయిదుగురినీ గోడవార నిలబెట్టారు. గోకుల్ తన డోలుని రెండు చేతులా పొదివి పట్టుకున్నాడు, పసిపిల్లని పట్టుకున్నట్టు. పారుల్ ఆడవాళ్లని తోసుకుంటూ బల్ల పక్కకి చేరింది.

"ముక్కలు నేను కలుపుతాను" అన్నాడు హరిసాధన్. "రేపెవడూ అమ్మాయిని వేలెత్తి చూపకూడదు."

ఝుమ్కీ చాచిన చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

అతను పేకని చకచకా కలిపాడు. పేర్లు సరిగ్గా ఉన్నాయో లేదో చూస్తున్నట్టు తనవైపు తిప్పుకుని, ఒక ముక్క బయటికి లాగాడు. బొటనవేలు పైనుంచి ఒక్కొక్క అంచునీ తోస్తోంది. పెదాలు కదలడం లేదు గానీ గడ్డం కదులుతోంది. లెక్కపెట్టే మనిషి గడ్డం ఎలా ఉంటుందో బొంతలు కుట్టేదానికి ఒకరు చెప్పక్కర్లేదు. పారుల్ తనూ లెక్కపెట్టింది. తొమ్మిది. ఆ తొమ్మిది కిందికి చేతిలో ముక్క జారిపోయింది.

ఒక్క ముక్కా బోధపడలేదన్న మనిషి.

ఇప్పుడు నోరు విప్పి చెబితే? రుజువేది? ఆడదాని మాట ఎవడు వింటాడు, రేపు తన గుమ్మం ముందు ఎవడు నిలబడతాడు, భర్త ట్రాము దిగి ఒంటరిగా రావాల్సిన సందు ఎంత ఇరుకు. నోరు విప్పకపోతే ఆ కర్రలు లేస్తాయి. కూతురి చేతుల మీదుగానే లేస్తాయి.

"పది నుంచి ఇరవై దాకా ఒక అంకె" అన్నాడు హరిసాధన్ అందరికీ వినపడేలా. "గోకుల్, నువ్వే చెప్పు. తర్వాత అన్యాయం జరిగిందనకు."

గోకుల్ బిక్కచూపులు చూశాడు. "నాకు లెక్కలు రావు బాబూ..."

"ఇరవై అను నాయనా" అంది పారుల్.

గోకుల్ ఆవిడ వైపు చూశాడు. ఆ చూపులో ఏం కనిపించిందో గానీ, "ఇరవై, అమ్మా" అన్నాడు.

హరిసాధన్ చెయ్యి పేక మీద బిగుసుకుంది. "ఇరవై కాదు, ఇరవై లోపు..."

"ఇరవై దాకా అన్నావు బాబూ. పదిమందీ విన్నారు." తన గొంతు తనకే పరాయిగా వినిపించింది. "ఒక్క అంకెతో ఏం మారిపోతుంది? ముక్కలకి అన్నీ తెలుసుగా."

"నిజమే, ఇరవై అయితేనేం" అన్నారు వెనకనుంచి ఎవరో. హరిసాధన్ నవ్వాడు. ఇంకేం అన్నా తెలిసిపోతుంది మరి. పేకని ఝుమ్కీ ముందుకి తోశాడు.

ఝుమ్కీ ఇరవై ముక్కలు పేర్చింది. రెండూ సున్నా కలిపితే రెండు. పారుల్ కళ్లు మూసుకుంది. పందొమ్మిదో చోట ఏముందో ఆవిడకేం తెలుసు? మిగతా నలుగురికీ తల్లులు లేరా? ఒకడిని తప్పించబోయి ఇంకో తల్లి కొడుకుని స్తంభానికి కట్టిస్తున్నానేమోనని కాళీమాతకి వెయ్యి దండాలు పెట్టుకుంది.

తెరిచేసరికి బల్ల మీద కళావరు ఏడు. దాని మీద ఏ పేరూ లేదు.

గదిలో ఊపిర్లు బరువుగా దిగాయి. "మళ్లీ వెయ్యి" అన్నాడు హరిసాధన్.

ఝుమ్కీ తల్లి వైపు చూసి, ముక్కల మీద చెయ్యి ఆనించింది. "వెయ్యను కాకా. ఒకే ఆట ఒకే చోట రెండోసారి ఆడకూడదు."

ఒక ముసలాయన లేచి, అమ్మవారి సొమ్ము సంగతి అమ్మవారే చూసుకుంటుంది పదండ్రా అన్నాడు. కర్రలు ఒకటొకటే గోడకి ఆనాయి. జనం కదిలారు. గుమ్మంలో పారుల్ గోకుల్ చెవిలో అంది: "సాయంత్రం బండికే వెళ్లిపో."

"మరి పూజ, అమ్మా?"

"పూజకి ఎవరో ఒకరు వాయిస్తారు. నీ డోలు నువ్వు తీసుకుపో."

అందరూ వెళ్లాక ఆవిడ బల్ల మీది దొంతరని అడుగునుంచి లెక్కపెట్టింది. పదో ముక్క తిప్పి కూతురికి చూపించింది. పెన్సిలుతో గుండ్రటి అక్షరాలు: గోకుల్.

ఝుమ్కీ బెంచీ మీద కూలబడింది. "ఆయనకెలా తెలిసింది?"

"పుస్తకం ఎవరి దగ్గరుంది?"

మర్నాడు పొద్దున్నే హరిసాధన్ పుస్తకం తెచ్చిచ్చాడు. దాంతో పాటు సందేశ్ మిఠాయి పొట్లం. "చాలా బాగుంది వదినా. మీరు కూడా చదివారని నాకు తెలీదు" అన్నాడు, చెప్పులు తొడుక్కుంటూ.

మిఠాయిని పారుల్ గోడ మీద పెట్టి కాకి ముడుతుందో లేదో చూసింది. కాకి తినేసి ఇంకోటి కోసం తల తిప్పింది. అయినా ఆవిడ కూతుర్ని ముట్టనివ్వలేదు.

పుస్తకం తెరిస్తే ఆ గారడీ ఉన్న పేజీలోనే ఆగింది. మధ్యలో ఒక పేకముక్క. నిన్నటి కళావరు ఏడు. బల్ల మీద నుంచి దాన్ని ఎప్పుడు తీశాడో, పదో ముక్క దాకానే లెక్కపెట్టిన ఆవిడ చూసుకోలేదు.

ముక్క కిటికీ వెలుగులో పెట్టి చూసింది. తెల్లటి అంచు మీద పెన్సిలు ఆనిన చిన్న చుక్క ఉంది. ఎవరిదో పేరు మొదలుపెట్టి, ప్రస్తుతానికి ఆగినట్టు.