మొదటి వేగం, చివరి వేగం

పదో తరగతి చదువుతున్న హొన్నమ్మకు మేష్ట్రు ఇంటిపని ఇచ్చాడు. ఇంటి దగ్గర కదిలేది ఏదైనా సరే, దాని మొదటి వేగం, చివరి వేగం కొలవాలి. ఆ తేడాను నడుమ పట్టిన కాలంతో భాగించి సరాసరి త్వరణం కట్టుకురావాలి. బడిలో చదువు కన్నడంలోనే; ఆ పుస్తకంలో త్వరణం పేరు వేగోత్కర్ష.

"నడుమ ఏం జరిగిందో ఈ లెక్కకు అక్కరలేదు. మొదలూ చివరా చాలు," అన్నాడు మేష్ట్రు.

వాళ్ళ ఊరు మంగళవాడలో ఆ ఏడు శెనక్కాయ చేలు పూతలోనే ఎండిపోయాయి. నాయన గొర్రెల్ని తోలుకుని మేత వెతుక్కుంటూ పోయాడు. ఊళ్ళో బోరింగు ఎండితే, నీళ్ళకు చేల అవతలి బోరింగు దాకా పోవాల్సి వస్తోంది.

"నన్నా కొలిచేది?" పుట్టమ్మ కూతుర్ని చూసి నవ్వింది. "బస్సునో బండినో కొలుచుకోపోమ్మే."

"బస్సు యాడొస్తాదమ్మా? నువ్వైతే రోజూ నీళ్ళకు పోతావు. బోరింగు కాడ రెండు కరెంటు స్తంభాలుండాయి, మనింటి కాడ రెండుండాయి, వాటి నడుమ దూరం ఒకటే."

"సరే, మీ మేష్ట్రుకు నా పరుగు తెలియనీ."

వసారాలో కూర్చున్న అవ్వ అందుకుంది. "పరుగంట, పరుగు. చేతకాకుంటే చెప్పు, పాపను బడి మాన్పించి నీళ్ళకు పంపిద్దాం."

కోడలు కాళ్ళు ఈడుస్తోందని ఆమెకు అనుమానం. కొన్నాళ్ళుగా ఇదే మాట.

"నాకేం కాలేదత్తా," అంది పుట్టమ్మ.

బోరింగు దగ్గర నిండు బిందె నెత్తికెత్తుకుని, ఆడవాళ్ళంతా చూస్తుండగా పుట్టమ్మ మొదటి రెండు స్తంభాల మధ్య చకచకా నడిచింది. నాయన ఇంట్లో వదిలిపోయిన గడియారంలో నలభై సెకన్లు.

"నేను అడ్డంగా పోయి ఇంటికాడ నిలబడతా," అని హొన్నమ్మ చేలోకి దిగింది.

సగం దూరంలో కంపచెట్ల సందులోంచి దారి కనిపించింది. అమ్మ ఆగిపోయి ఉంది. ఒక చేత్తో బిందె, ఇంకో చేత్తో కొమ్మ పట్టుకుని కాలు ముందుకు వేయబోతోంది. మోకాలు మడత పడటం లేదు. నడుము తిప్పి ఆ కాలిని కర్రలా నేల మీద పెట్టింది. మళ్ళీ ఆగింది.

హొన్నమ్మ పిలవలేకపోయింది. ఇంటి దారి పట్టింది.

చాలాసేపటికి అమ్మ మలుపు తిరిగింది. వసారాలో అవ్వ కనబడగానే నడుము నిలబెట్టి చకచకా వచ్చింది. ఇక్కడా నలభై సెకన్లే.

"ఎంతొచ్చిందే?"

"సున్నా."

పుట్టమ్మ ముఖం వాడిపోయింది. "ఏందీ, తప్పిపోయిందా?"

"లేదమ్మా. బోరింగు కాడ ఎంత వేగముందో, ఇంటికాడా అంతే ఉండాదని."

"విన్నావా అత్తా," అంది పుట్టమ్మ చెమట తుడుచుకుంటూ.

లెక్కలో తప్పు లేదు. మేష్ట్రు చూసి సరేనంటాడు. హొన్నమ్మకు మాత్రం అన్నం సహించలేదు.

సాయంత్రం ఖాళీ బిందెతో అమ్మ గడప దాటబోతుంటే, లేచి దాని అంచు పట్టుకుంది.

"ఇట్లియ్యమ్మా, నేను పోతా."

"పోయి చదువుకో."

"కంపచెట్ల కాడ నిన్ను చూసినా."

పుట్టమ్మ గొంతు తగ్గించింది. "పరీక్షలయ్యేదాకా ఓర్చుకుంటానే. నోరు మూసుకో."

అప్పటికే అవ్వ లేచి వచ్చింది. వంగి, కోడలి మోకాలు చీర మీదుగా నొక్కి చూసింది. పుట్టమ్మ పళ్ళు బిగబట్టింది.

అవ్వ తిట్టలేదు. "ఇంత పెట్టుకుని తిరుగుతుండావా," అంది. కోడలి చీర సర్ది, "రేపట్నించి పాప బడికి వద్దు. నీళ్ళకు అదే పోతాది," అంది మెల్లగా.

హొన్నమ్మ బిందె లాక్కుంది. రాలేదు. అమ్మ వేళ్ళు దాని అంచునే పట్టుకుని ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటే విడిపించాల్సి వచ్చింది.