కింది అర

మందు వేసిన గిన్నెలను తన ల్యాబులోని ఇంక్యుబేటర్ కింది అరలో పెట్టింది స్వయంగా పిన్నే. పై అర అందాలంటే స్టూలెక్కాలి, గంటకోసారి తొంగి చూడకపోతే ఆవిడకు కాలు నిలవదు. మందు వేయని గిన్నెలు పైకి పోయాయి. వాటి మీద ఎవరికుంది అంత ఆశ?

ఆ గిన్నెల్లో ఒంటి వెచ్చదనంలో పెరుగుతున్నవి ఆవిడ అక్క కూతురు బుజ్జి నుంచి తీసిన కణాలు. బుజ్జికి ఏడేళ్లు. కణంలో ప్రోటీన్ ఒక గదిలో తయారై, ఇంకో గదిలో మెరుగులు దిద్దుకుని, బయటి గోడకు చేరాలి. బుజ్జి ప్రోటీన్‌కు పుట్టుకతోనే చిన్న వంకర. మొదటి గదిలోని కాపలా దాన్ని గడప దాటనివ్వదు, పట్టుకుని ముక్కలు చేసేస్తుంది. అది గోడకు చేరకపోతే ఊపిరితిత్తుల్లో కఫం బంకలా గట్టిపడుతుంది.

మూడు వారాల క్రితం, కొత్త మందు వేసిన గిన్నెలో, కంటికి కనబడేలా రంగు అంటించిన ఆ ప్రోటీన్ పచ్చగా వెలుగుతూ గోడకు చేరింది. పిన్ని ఎగిరి గంతేసింది. ఆ ఫొటో చూసే బుజ్జి డాక్టరు, అప్పటిదాకా కఫాన్ని పలచన చేస్తున్న పాత మందు ఆపించి కొత్తది మొదలుపెట్టాడు. "ఇక దానికి నువ్వే తల్లివే," అని అక్క ఫోనులో భోరుమంది.

సోమవారం, తలుపు సరిగ్గా పడటం లేదని మెకానిక్‌ను పిలిచారు. అతను రెండు అరల్లోనూ థర్మామీటరు పెట్టి పెదవి విరిచాడు.

"లోపల వేడిని అంతటా తిప్పే ఫ్యాన్ ఎప్పుడో పోయింది మేడమ్. పైన ముప్ఫై ఏడు, కింద ఇరవై తొమ్మిది. బయట కనిపించే అంకెను నమ్మి కూర్చున్నారు మీరు."

చల్లదనంలో వంకర ప్రోటీన్ కాస్త సర్దుకుంటుంది, కాపలా చూసీచూడనట్టు వదిలేస్తుంది. ఈ సంగతి పిన్నే ఎంతమందికో పాఠం చెప్పింది. డాక్టరుకు వెంటనే చెప్పాల్సింది. నిజం తేలాక చెబుదాంలే అని ఆగింది.

మందు చుక్క తగలని గిన్నె ఒకటి కింద పెట్టింది, మందు వేసినది ఒకటి పైకెక్కించింది. రెండు రోజులు అలాగే ఉంచింది. బుధవారం మధ్యాహ్నం మైక్రోస్కోపులో చూసింది. మందు లేని కణాల్లో గోడ పొడవునా పచ్చటి వెలుగు. మందున్న కణాల్లో అదంతా మొదటి గదిలోనే ముద్దకట్టి ఉంది. ఇన్నాళ్లూ పని చేసింది చలి. మందు చేసిందేమీ లేదు.

అప్పుడే ఫోను మోగింది. అక్క.

"ఏమే, డాక్టరు ఫోనెత్తట్లేదు. బుజ్జికి నిన్నటి నుంచి ఒళ్లు కాలిపోతోంది, కఫంతో ఊపిరాడట్లేదు. మందు పట్టేటప్పుడు ఇలాగే ఉంటుందేమో కదా? నువ్వు చెప్తే నాకు ధైర్యం."

పిన్ని మైక్రోస్కోపు వదిలి లేచి నిలబడింది.

"అక్కా, ఉన్నపళంగా ఆస్పత్రికి బయల్దేరు. ముందు పాత మందు వెయ్యి."

"పాతదా? నీ ఫొటో చూసిన రోజే అంతా పారేశానే. ఇంక దాంతో పనేముందిలే అని."