గుర్రపుడెక్క కింద నీడ

రొద్దం దగ్గర ఈరన్న కుంటలో నీడలు నిదానంగా పోతాయి. మనిషి వచ్చి, కాళ్లు కడుక్కుని, తన దారిన తాను వెళ్లిపోయినా, నీళ్లల్లో పడిన నీడ మాత్రం పొద్దు గుంకేదాకా ఆ చోటే ఉంటుంది. అందుకే ఈరన్న భార్య నాగేంద్రమ్మ రోజూ మధ్యాహ్నం భోజనాలయ్యాక గట్టు మీదికి పోయి, ఆ పూట ఎవరెవరు వచ్చి పోయారో చూసుకుని వచ్చేది. హనుమక్క ఇల్లు చేరి వంట మొదలుపెట్టినా ఆమె నీడ ఇంకా బట్టలు ఉతుకుతూనే ఉండేది. అడక్కుండా పార పట్టుకుపోయిన సంజీవప్ప పారతో సహా దొరికిపోయేవాడు.

అదంతా గుర్రపుడెక్క రాకముందు మాట.

దాన్ని తెచ్చిన పుణ్యాత్ముడు కిషోర్. ధర్మవరం నుంచి ఆక్సిజన్ నింపిన కవర్లలో చేపపిల్లలను బండి మీద తెచ్చి రైతుల కుంటల్లో వదిలేవాడు. ఒకసారి దారిలో ఏ చెరువులోనో ఊదారంగు పువ్వు చూసి, ఈరన్న కూతురు ఉమారాణికి బాగుంటుందని వేరుతో సహా పీక్కొచ్చాడు. వాడిపోతే పాపమని ఉమారాణి దాన్ని కుంటలో వేసింది. వాళ్ల ప్రేమ సంగతేమో గానీ మొక్క మాత్రం బ్రహ్మాండంగా పెరిగింది. ఏడాది తిరిగేసరికి కుంటంతా పచ్చటి ఆకులే. ఊపిరాడక చేపలు తేలిపోయాయి. మోటారు పైపుకు వేర్లు అడ్డంపడి మల్బరీ తోటకు నీళ్లు పారడం మానేశాయి.

కిషోర్ కూడా రావడం మానేశాడు. రెండేళ్ల కిందట, కుంట మూసుకుపోతున్న రోజుల్లో, ఆదివారం పొద్దున్నే వచ్చి మీ నాయనతో మాట్లాడతానని ఉమారాణికి మాటిచ్చాడు. ఆమె కొత్త చీర కట్టుకుని వాకిట్లోనే తచ్చాడింది. ఈరన్నకు ఎవరూ ఏమీ చెప్పలేదు, అయినా గడ్డం గీక్కుని, ఉతికిన పంచె కట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు. మధ్యాహ్నం దాటింది, సాయంత్రమైంది, కిషోర్ రాలేదు. ఉమారాణి అతని నంబరు బ్లాక్ చేసి చీర మడిచి పెట్టింది. మర్నాడు మనసాగక కుంట దగ్గరికి పోయి చూసింది. గొడ్లు తాగే రేవులో మంచమంత ఖాళీ మిగిలి ఉండేది, అదీ మూసుకుపోయింది. ఆ తర్వాత ఆ పేరు ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

ఇప్పుడు బత్తలపల్లి సంబంధం వచ్చింది. అబ్బాయి మంచివాడే. శుక్రవారం వస్తున్నారు, పిల్ల ఒప్పుకుంటే ఆ రోజే తాంబూలాలు. "సరే అంటాలేమ్మా" అని ఉమారాణి తల్లితో చెప్పేసింది, మజ్జిగ పోయమంటావా అని అడిగితే చెప్పినట్టు. నాగేంద్రమ్మకు ఆ సరే ఏమాత్రం నచ్చలేదు.

పెళ్లివారు వచ్చేలోగా కుంటను బాగుచేయించాలని ఈరన్నకు పట్టుకుంది.

"మందు కొడితే వారంలో మాడిపోతాదంట," అన్నాడు.

"మాడింది యాడికి పోతాది? ఆ నీళ్లలోనే కుళ్లుతాది. గొడ్లు ఏం తాగల్ల?" అంది నాగేంద్రమ్మ. "అయినా దాని కింద ఎవురి నీడలు ఇరుక్కోని ఉండాయో ఏమో. వాటి మీద మందు కొడతావా?"

ఈరన్న మందు మాట వదిలేశాడు. బుధవారం కూలికి జయరాజును, హనుమక్కను పిలిచాడు. కుంటకు అడ్డంగా మోకుతాడు వేసి, చెరో గట్టు మీద నిలబడి లాగుతుంటే గుర్రపుడెక్క పెద్ద చాపలాగా ఒడ్డుకు జరిగింది. ఉమారాణి నడుములోతు నీళ్లలో దిగి, ఎవరి మీదో కోపమున్నట్టు వేర్లు పెరికి పైకి విసురుతోంది.

"ఒక్క వేరు కూడా ఇడిసిపెట్టొద్దు పాపా, మళ్లా మొదటికే వస్తాది," అంటోంది హనుమక్క. వానకు మళ్లీ నీళ్లలోకి జారకుండా తీసినదంతా గట్టు అవతల కుప్ప పోశారు. ఎండితే మల్బరీకి ఎరువవుతుంది.

చివరికి రేవు దగ్గర ఆకులు కదిలాయి. ఎండ నీళ్ల మీద పడింది. హనుమక్క మోకు వదిలేసింది.

"మేయ్ ఉమా, ఈడ ఎవురో నిలబడుండారు చూడు."

నీళ్లలో కిషోర్. ఇస్త్రీ మడత చెదరని కొత్త చొక్కా, ఒక చేతిలో టెంకాయలు, అరటిపండ్ల సంచి, ఇంకో చేతిలో కనకాంబరాల పొట్లం. చూపంతా ఇంటి దారి మీదే ఉంది. ఆ పొద్దే ఆకులు పైన కమ్ముకుని కిందికి ఎండ రాకపోతే పొద్దు గుంకిందని ఆ నీడకు ఎవరు చెబుతారు? ఇంకా ఆ ఆదివారమే అనుకుని నిలబడి ఉంది.

ఉమారాణికి అంతా అర్థమైంది. అలవాటుగా వెనక దారిన వచ్చి, ఎప్పుడూ కలుసుకునే చోటే ఆమె కోసం నిలబడ్డాడు. ఈమె వాకిట్లో, అతను ఇక్కడ. సాయంత్రం ఫోన్ చేసి ఉంటాడు, అప్పటికే నంబరు బ్లాక్. ఆమెకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

ఈరన్న వంగి చూశాడు. "ఇంటికి తేవాల్సినవి కుంటకాడికి తెచ్చినాడే ఈ పిల్లోడు! ఆ పొద్దంతా గడ్డం గీక్కోని కూచుంటినే నేను!"

"మొన్న పెనుకొండ సంతలో కనపడినాడు," అన్నాడు జయరాజు, ఎవరితోనూ కానట్టు. "ఇంకా పెళ్లి చేసుకోలేదంట."

ఈరన్న గొంతు సవరించుకున్నాడు. "కుంట శుభ్రమాయ. నాచు పట్టకుండా గడ్డిచేపలు వదలల్ల. చేపపిల్లలకు ఎవురికి ఫోన్ చేద్దాం పాపా?"

"మరి శుక్రవారం?" అంది ఉమారాణి.

"వాళ్లకు నేను చెప్పుకుంటాలే."

ఉమారాణి ఒడ్డుకెక్కి, గట్టు మీదున్న తల్లి కొంగుతో చేతులు తుడుచుకుని, ఆ నంబరు బ్లాక్ తీసి ఫోన్ చేసింది.

"గడ్డిచేపలు కావల్ల," అంది.

అవతలి నుంచి కిషోర్ గొంతు మెల్లగా, "కుంటకాడికి తేనా?"

"వద్దు. ఇంటికి రా. ముందు వాకిలికి."

ఆ సాయంత్రం పొద్దు గుంకగానే నీళ్లలోని కిషోర్ సంచి సర్దుకుని వెళ్లిపోయాడు. మర్నాడు పొద్దున్నే ఈరన్న గడ్డం గీక్కుని, ఉతికిన పంచె కట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు. ఈసారి ఎక్కువసేపు కూర్చోవాల్సిన పని పడలేదు.